అమెరికా సామ్రాజ్య విస్తరణకూ, మొదటి ప్రపంచ యుద్ధంలో దాని ప్రవేశానికీ సంబంధం ఉన్నదా?

ప్రశ్న (గుంటూరు, ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని)

అందరికీ నమస్కారం. మా పాఠ్యప్రణాళికలో 1898 నాటి స్పెయిన్-అమెరికా యుద్ధం ఒక అధ్యాయంగాను, మొదటి ప్రపంచ యుద్ధం వేరొక అధ్యాయంగాను ఉన్నాయి. మొదటి దానిలో అమెరికా క్యూబాను తన అదుపులో పెట్టుకుని, ప్యూర్టోరికో, గువామ్, ఫిలిప్పీన్స్ దీవులను సొంతం చేసుకున్న రాజ్యంగా కనిపిస్తుంది. రెండవ దానికి వచ్చేసరికి అదే దేశం, యూరపు రాజుల కలహం తనకు పట్టదని రెండున్నరేళ్లకు పైగా దూరంగా ఉండి, చివరకు ప్రజాస్వామ్య రక్షణ కోసం 1917 ఏప్రిల్ 6న యుద్ధంలోకి దిగిన రాజ్యంగా కనిపిస్తుంది. పందొమ్మిదేళ్లలో ఒక దేశం స్వభావం అంతగా మారిందా, లేక ఈ రెండు అధ్యాయాలనూ కలిపే దారం ఏదైనా ఉన్నదా? పరీక్ష కోసమే కాదు, నాకు నిజంగా అర్థం కావాలన్న కోరికతో అడుగుతున్నాను.

సమాధానం 1 (విజయవాడ, పోటీ పరీక్షల అభ్యర్థి)

నా అభిప్రాయంలో ఆ దారం డబ్బే. 1893లో అమెరికాలో తీవ్రమైన ఆర్థిక మాంద్యం వచ్చింది. కర్మాగారాల సరుకుకు స్వదేశంలో గిరాకీ చాలదని, బయటి మార్కెట్లు కావాలని అక్కడి నాయకులు బహిరంగంగానే చెప్పారు. అదే సంవత్సరం జనవరిలో హవాయి రాణి లిలియుఓకలానిని గద్దె దింపిన వారిలో చెరకు తోటల యజమానులదే పెద్ద పాత్ర. యుద్ధకాలంలోనూ అంతే. తటస్థంగా ఉన్న రోజుల్లోనే అమెరికా బ్యాంకులు బ్రిటన్, ఫ్రాన్సు పక్షానికి 200 కోట్ల డాలర్లకు పైగా అప్పులిచ్చాయి, జర్మనీకి ఇచ్చింది దానిలో ఒక చిన్న భాగం మాత్రమే. అప్పు ఇచ్చినవాడు బాకీదారు ఓడిపోవాలని కోరుకోడు కదా!

సమాధానం 2 (విజయవాడ, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు)

పై మిత్రుడు చెప్పిన వివరాలు సరైనవే, కాని వాటి నుంచి ఆయన తేల్చిన నిర్ణయాన్ని నేను పూర్తిగా ఒప్పుకోలేను. 1898 ఆరంభంలో అమెరికాలోని పెద్ద వ్యాపారులలో చాలామంది స్పెయిన్‌తో యుద్ధాన్ని కోరలేదు. ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ ఫిలిప్పీన్స్‌ను కలుపుకోవడాన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఆ సంవత్సరం ఫిబ్రవరి 15 రాత్రి హవానా రేవులో మెయిన్ అనే యుద్ధనౌక పేలి 260 మందికి పైగా నావికులు మరణించినప్పుడు, పత్రికలు ఆ నేరాన్ని స్పెయిన్ మీద మోపి జనాన్ని రెచ్చగొట్టాయి. ఓడలోని బొగ్గు గదిలో పుట్టిన మంటే కారణం కావచ్చునని 1976లో అమెరికా నౌకాదళ అధికారి రికోవర్ జరిపించిన పరిశీలన తేల్చింది.

అమ్మా, మీరు అడిగిన దారం నాకు సముద్రంలో కనిపిస్తుంది. ఆనాటి ఓడలు బొగ్గుతో నడిచేవి. ఎంత గొప్ప నౌకాదళమైనా దారి పొడవునా బొగ్గు నింపుకునే రేవులు లేకపోతే దూరదేశాలకు చేరలేదు. సముద్ర మార్గాలు ఎవరి చేతిలో ఉంటే వారిదే పెత్తనమని అమెరికా నౌకాదళ అధికారి ఆల్ఫ్రెడ్ మహాన్ 1890లో వాదించాడు, ఆ వాదాన్ని అమెరికా, బ్రిటన్, జర్మనీ మూడూ శ్రద్ధగా చదివాయి. పటం ముందు పెట్టుకుని హవాయి, గువామ్, మనీలాలను వరుసగా చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి చైనాకు వెళ్లే బాటలో అవి మజిలీలు. అట్లాంటిక్ వైపు ప్యూర్టోరికో, క్యూబాలోని గ్వాంటనామో ఉన్నాయి. రెండు సముద్రాలను కలపడానికి కాలువ కావాలి. అప్పట్లో పనామా కొలంబియాలో భాగం. అక్కడ కాలువ తవ్వడానికి అమెరికాతో కుదిరిన ఒప్పందానికి కొలంబియా సెనేటు 1903 ఆగస్టులో అంగీకరించలేదు. నవంబరు 3న పనామాలో తిరుగుబాటు జరిగింది, కొలంబియా దానిని అణచకుండా అమెరికా యుద్ధనౌకలు అడ్డుగా నిలిచాయి. నవంబరు 18 నాటికే పది మైళ్ల వెడల్పు గల భూభాగం అమెరికా అధీనంలోకి వచ్చే ఒప్పందం ముగిసింది.

ఆ కాలువ తెరుచుకున్న రోజు 1914 ఆగస్టు 15. అప్పటికి యూరపులో యుద్ధం మొదలై రెండు వారాలు దాటింది. జూన్ 28న సరాయెవోలో జరిగిన ఆస్ట్రియా యువరాజు హత్య, ఒకదానికొకటి ముడిపడిన సంధులు, బాల్కన్ వైరాలు, బ్రిటన్-జర్మనీల నౌకాపోటీ మీ పుస్తకంలో ఉంటాయి కనుక వాటి జోలికి పోను. ఆ నౌకాపోటీ వెనుకా మహాన్ చెప్పిన సముద్రబలమే ఉన్నదని మాత్రం గుర్తుపెట్టుకోండి. అమెరికా వైఖరి మారిన ఘట్టాలలో ఎక్కువ భాగం సముద్రం మీద జరిగినవే. 1915 మే 7న జర్మన్ జలాంతర్గామి లూసిటానియా అనే బ్రిటిషు ప్రయాణికుల ఓడను ముంచినప్పుడు 1,198 మంది చనిపోయారు, వారిలో 128 మంది అమెరికన్లు. 1917 ఫిబ్రవరి 1 నుంచి జర్మనీ తటస్థ దేశాల ఓడలను కూడా వదలకుండా ముంచడం ప్రారంభించింది. మెక్సికో తమతో కలిస్తే అది పోగొట్టుకున్న టెక్సాస్, న్యూమెక్సికో, అరిజోనాలను తిరిగి ఇప్పించేందుకు తోడ్పడతామని జర్మన్ విదేశాంగ మంత్రి సిమ్మర్‌మన్ పంపిన తంతి ఆ తరువాత బయటపడింది.

పుస్తకాలు ఒక్క వాక్యంతో దాటవేసే సంగతి ఇంకొకటి ఉన్నది. కరీబియన్ సముద్రంలో డెన్మార్కు అధీనంలోని వర్జిన్ దీవులను అమెరికా 2.5 కోట్ల డాలర్లకు కొన్నది. అవి జర్మనీ చేతిలో పడితే పనామా కాలువ దారికి ముప్పు అని భయపడింది. ఆ దీవులు చేతులు మారిన తేదీ 1917 మార్చి 31, అంటే యుద్ధప్రకటనకు సరిగ్గా ఆరు రోజుల ముందు. మీ రెండు అధ్యాయాలూ కలిసే చోటు నా దృష్టిలో అదే. డబ్బు పాత్రను నేను కాదనడం లేదు. దానిమీద 1930లలో అమెరికా సెనేటు సంఘమే విచారణ జరిపింది. కాని ఆ అప్పుతో కొన్న సరుకు కూడా సముద్రం దాటవలసిందే.

మళ్లీ ప్రశ్న వేసిన విద్యార్థిని

గురువుగారూ, ధన్యవాదాలు. తేదీల వరుసను నేను ఎప్పుడూ ఇలా చూడలేదు. ఒక్క సందేహం మిగిలింది. అమెరికా అధ్యక్షుడు విల్సన్ చెప్పిన స్వయం నిర్ణయాధికారం, అంటే ఏ ప్రజల పాలనను ఆ ప్రజలే నిర్ణయించుకునే హక్కు, దాని మాటేమిటి? దానిని మనస్ఫూర్తిగా చెప్పాడా? దాని ఫలితం మనవరకు వచ్చిందా?

సమాధానం 3 (గుంటూరు, ఉన్నత పాఠశాల సాంఘికశాస్త్ర ఉపాధ్యాయిని)

ఆయన మనసులో ఏమున్నదో మనం తేల్చలేము, ఆయన మాట ఎక్కడ ఆగిపోయిందో మాత్రం చూడవచ్చు. శాంతి కోసం ఆయన 1918 జనవరి 8న ప్రకటించిన పద్నాలుగు సూత్రాలలో అసలు ఆ పదమే లేదు, అది తరువాతి నెల ప్రసంగంలో వచ్చింది. వలసలను గురించిన ఐదవ సూత్రం అక్కడి ప్రజల ప్రయోజనాలకూ, పాలించే ప్రభుత్వాల హక్కులకూ సమానమైన తూకం ఇవ్వాలని చెప్పింది. పాలితులు వెళ్లిపొమ్మంటే పాలకులు వెళ్లిపోవాలని అది ఎక్కడా చెప్పలేదు.

ఫిలిప్పీన్స్ ప్రజలకు ఆ తేడా అంతకుముందే అనుభవమయింది. స్పెయిన్‌కు 2 కోట్ల డాలర్లు చెల్లించి అమెరికా ఆ దీవులను తీసుకున్నప్పుడు, అప్పటికే స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఫిలిప్పీన్ నాయకుడు అగినాల్డో ప్రభుత్వాన్ని ఎవరూ సంప్రదించలేదు. 1899 ఫిబ్రవరి 4న మనీలాలో కాల్పులు మొదలయ్యాయి, రెండు రోజులకు అమెరికా సెనేటు స్పెయిన్‌తో చేసుకున్న సంధిని 57-27 ఓట్లతో ఆమోదించింది. మూడింట రెండు వంతుల నియమానికి ఒక్క ఓటు మాత్రమే ఎక్కువ వచ్చింది. 1902 దాకా సాగిన పోరులో 4,200 మంది అమెరికన్ సైనికులు, సుమారు 20,000 మంది ఫిలిప్పీన్ యోధులు మరణించగా, హింసకూ ఆకలికీ కలరాకూ బలైన సాధారణ ప్రజల సంఖ్య రెండు లక్షల వరకు ఉంటుందని అంచనా. ఆ దేశానికి స్వాతంత్ర్యం 1946 జూలై 4న గాని రాలేదు. నేను తరగతిలో ఈ అంకెలు చెప్పినప్పుడు పిల్లలు కాసేపు మాట్లాడరు.

ఇక మన సంగతి. హోంరూల్ ఉద్యమ నాయకుడు సర్ ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ 1917లో మద్రాసు నుంచి విల్సన్‌కే లేఖ రాసి, స్వపరిపాలన ఇప్పిస్తే భారతీయులు యుద్ధంలో మనస్ఫూర్తిగా సహాయం చేస్తారని తెలియజేశారు. ఆ లేఖ మీద బ్రిటిషు పార్లమెంటులో దుమారం రేగింది, అయ్యరు గారు తన సర్ బిరుదును వదులుకున్నారు. సుమారు 13 లక్షల మంది భారతీయులు సైనికులుగా, కూలీలుగా ఆ యుద్ధానికి వెళ్లారు, 74,000 మంది తిరిగి రాలేదు. ఇక్కడున్న వారికి ధరల మంట మిగిలింది. 1918 సెప్టెంబరులో మద్రాసులో జనం ధాన్యం దుకాణాల మీద పడ్డారు, ఆ వెంటనే విషజ్వరం ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టింది. జర్మనీతో యుద్ధాన్ని ముగించిన వెర్సాయి సంధి మీద భారతదేశం పేరుతో సంతకం చేసినవారు బ్రిటిషు మంత్రి మాంటేగు, బికనీర్ మహారాజు. వారిని మన ప్రజలెవరూ ఎన్నుకోలేదు. అప్పటికే ఇక్కడ విచారణ లేకుండా నిర్బంధించే రౌలట్ చట్టం అమలుకు వచ్చి ఉన్నది.

పరీక్షలో రాసేటప్పుడు ఫలితాల భాగాన్ని యూరపుతో ఆపవద్దని నా మనవి. 1921 మార్చి 31న బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచేయాలని తీర్మానించింది. మన జిల్లాలోనే ఆ తరువాతి నెలల్లో పెదనందిపాడు రైతులు పన్ను కట్టబోమని నిలిచారు. వర్జిన్ దీవులు చేతులు మారిన నాటికీ, బెజవాడ సమావేశానికీ మధ్య సరిగ్గా నాలుగేళ్లు.