అప్‌డేట్: నీలిపూల బేసిన్, కూజా ఏ కాలానివి?
ఇంగ్లండ్‌లోని స్టోక్-ఆన్-ట్రెంట్‌లో కొన్న పింగాణీ బేసిన్, కూజా విక్టోరియా రాణి కాలానివేనా (1837–1901) అని ఇంతకుముందు నేను అడిగినప్పుడు, కొందరు అడుగుభాగం పరిశీలించమన్నారు. గోరువెచ్చని నీటిలో ముంచిన మెత్తని గుడ్డతో తుడవగా, రెండింటి అడుగునా వజ్రాకారపు ముద్ర, దాని పైనున్న వలయంలో వస్తువు పింగాణీ తరగతికి చెందినదని తెలిపే రోమన్ అంకె నాలుగు (IV) బయటపడ్డాయి. బ్రిటన్‌లో ఈ ముద్రను 1842 నుంచి 1883 వరకు వాడారు. అయితే అది డిజైన్ రిజిస్టరైన తేదీనే చెబుతుంది కాబట్టి, వస్తువు కొంత తర్వాత తయారై ఉండవచ్చు. కూజా పిడి దగ్గర పూల నమూనా అంచులు కలవక ఒక పువ్వు సగానికి తెగిపోయింది. పలుచని కాగితం మీద అచ్చువేసిన నమూనాను చేత్తో అతికించేవారు కనుక అలా జరుగుతుందట, నాకైతే ఆ లోపమే ముచ్చటగా ఉంది. బేసిన్‌లో సన్నని పగులు కనిపిస్తోంది కాబట్టి అందులో నీళ్లు పోయడం లేదు. మరమ్మతు చేయించే ఉద్దేశమూ, అమ్మే ఉద్దేశమూ ప్రస్తుతానికి లేవు.