జీవామృతం పోస్తే చచ్చిన నేల బతుకుతుందా?

శంకర్‌పల్లి_తోట: నేనుండేది మియాపూర్‌లో, శంకర్‌పల్లి దగ్గర ఎర్రనేల ఉంది. ఏళ్లుగా పత్తి మీద పత్తి వేసి గట్టిపడిపోయింది. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టుమట్టి కలిపిన జీవామృతం ఎకరానికి పోస్తే సూక్ష్మజీవులు కోట్లలో పెరుగుతాయని నా నమ్మకం. మీరేమంటారు?

రాజేంద్రనగర్_మట్టి: డ్రమ్ములో పెరుగుతాయి, నిజమే. పొలంలో పడ్డాక వాటికి తిండేది? బెల్లం నాలుగు రోజుల్లో అయిపోతుంది. పంట వేళ్లు వదిలే చక్కెరలు, ఆమ్లాలే వాటికి అసలు ఆహారం. కంది వేరు మీది బుడిపె కోసి చూడండి, లోపల గులాబీ రంగుంటే రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజని పడుతున్నట్టే. ఎర్రనేలలో ఇనుము పట్టి ఉంచే భాస్వరాన్ని కంది వేళ్లు వదిలే పిసిడిక్ ఆమ్లం విడిపిస్తుంది. పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు 1990లోనే చూపించారు. ముందు పంట మార్చండి, భాస్వరముండే డీఏపీ ఎరువు తగ్గించండి. భాస్వరం ఎక్కువైతే వేళ్లకు పోషకాలందించే మైకోరైజా అనే మేలు బూజు సరిగా పట్టదు.

శంకర్‌పల్లి_తోట: బెల్లం అయిపోతుందన్నారు, మరి శనగపిండి?

రాజేంద్రనగర్_మట్టి: అదీ అంతే సార్. ఏడాదంతా వేళ్లుండాలి, పైన ఆకూ అలమూ ఉండాలి.

కూకట్‌పల్లి_మిద్దెతోట: మా కుండీల్లో పోశాక వానపాములు బాగా కనిపిస్తున్నాయి.

శంకర్‌పల్లి_తోట: చూశారా! అసలు మా నేలను నాశనం చేసింది కౌలుదారు. ఏటా పత్తే, ఎండాకాలం రాగానే పత్తికట్టెకు నిప్పు. నేలను చంపుతున్నది రైతులే.

షాబాద్_కౌలు: ఆగండి సార్, నేనూ కౌలు రైతునే. కట్టె కాలిస్తే నేలకు దక్కాల్సిన కర్బనం పొగైపోతుందని నాకు తెలియదా? చెరువు మట్టి తోలించిన, పశువుల ఎరువు వేసిన, పత్తిలో కంది సాళ్లు పెట్టిన. పంట మంచిగ రాగానే ఓనర్ కౌలు పెంచిండు. కట్టలేనంటే పొలం ఇంకొకరికి ఇచ్చిండు. నేను తోలిన మట్టి ఆయన పొలంలోనే ఉంది. వచ్చే ఏడు ఉంటానో లేదో తెలియని పొలంలో సూక్ష్మజీవులను ఎవరి కోసం పెంచాలె?

శంకర్‌పల్లి_తోట: ఎక్కువ ఏళ్లు రాసిస్తే భూమి చేజారుతుందని మాకూ టెన్షనే కదా. అందుకే 11 నెలలకే రాస్తాం.

రాజేంద్రనగర్_మట్టి: సేంద్రియ కర్బనం 11 నెలల్లో పెరగదు సార్. ఏళ్లు పడుతుంది.

షాబాద్_కౌలు: ఐదేళ్లకు రాసియ్యండి. కట్టె కాల్చను, ముక్కలు చేయించి నేల మీదే పరుస్త. ఏటా కంది వేస్త.

శంకర్‌పల్లి_తోట: మూడేళ్లయితే ఇంట్లో మాట్లాడతాను. కట్టె ముక్కలు చేసే మిషన్ కిరాయి ఎవరిది?

షాబాద్_కౌలు: చెరిసగం.