సున్నలు మూసుకోవట్లేదు, పొడవు పీసు వంకర పోతోంది: కట్టింగ్ ప్లాటర్ సతాయిస్తోంది

హన్మకొండ రేడియం:
అన్నలూ, హన్మకొండలో చిన్న రేడియం షాపు నాది. జాతర ముందు సమ్మక్క సారలమ్మ స్టిక్కర్ల గిరాకీ చూసి సెకండ్ హ్యాండ్‌లో 24 అంగుళాల ప్లాటర్, అదే స్టిక్కర్లు కోసే మిషన్, కొన్నా. కొన్నాళ్లు మంచిగానే నడిచింది, నెల నుంచి ఒకటే సతాయింపు. గుండ్రటి అక్షరాలు మూసుకోవట్లేదు. సున్న మొదలుపెట్టిన చోటికి వచ్చి కలవకుండా అర మిల్లీమీటరు పక్కకు పోతోంది, వేస్ట్ లాగితే అక్షరం కూడా దాంతోపాటే లేచొస్తోంది. ఒకే గీతలో కొంత తెగుతుంది, కొంత తెగదు. అందుకని ప్రెషర్ 90 నుంచి 160 దాకా పెంచుకుంటూ పోయా, ఇప్పుడు బ్యాక్ పేపర్ కూడా తెగిపోతోంది. స్కూల్ బస్సుకు ఏడడుగుల పేరు కోస్తే చివరి అక్షరాల దగ్గర తలకట్టు ఒక చోట, అక్షరం ఇంకో చోట. ఇవి చాలవన్నట్టు రోజుకు ఒకటి రెండు సార్లు షీటు మీద అడ్డంగా ఒక గీత గీసి ఆగిపోతుంది. మిషన్ చూసినాయన లోపలి సర్క్యూట్ బోర్డు మార్చాలన్నాడు. బ్లేడు 45 డిగ్రీలది, వారం కిందే వేశా. నిజంగా బోర్డేనా?

కరీంనగర్ స్టిక్కర్స్:
బోర్డు జోలికి ఇప్పుడే పోకు తమ్ముడూ. నువ్వు చెప్పినవి నాలుగు వేర్వేరు రోగాలు, ఒక్క మందుతో పోవు.

ముందు ప్రెషర్ మళ్లీ 90కి తే. బ్లేడు కింద తెల్లటి టెఫ్లాన్ పట్టీ ఉంటుంది చూడు, దాని మీద గోరు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకు లాగు. గోరు ఎక్కడైనా దిగబడిందంటే అక్కడ గాడి పడ్డట్టే. బ్లేడు ఆ గాడి మీదికి రాగానే కింద ఆధారం ఉండదు, వినైల్ (స్టిక్కర్ షీటు) తెగదు. నువ్వేమో తెగట్లేదని ప్రెషర్ పెంచావు, గాడి ఇంకా లోతైంది. నేనూ ఇట్లనే రెండు పట్టీలు పాడుచేశా. పట్టీ మార్చడం పెద్ద పనేం కాదు, పాతది పీకి, కింద జిగురు శుభ్రంగా తుడిచి కొత్తది అతికించడమే.

ఇక బ్లేడు ఎంత బయటికి ఉండాలి అనేది. బ్లేడు బిగించే హోల్డర్ మిషన్ నుంచి తీసి చేత్తో పట్టుకుని వినైల్ ముక్క మీద మామూలుగా నొక్కి గీయి. వినైల్ తెగి, బ్యాక్ పేపర్ మీద సన్నని గుర్తు మాత్రమే పడాలి. పేపర్ తెగితే బ్లేడు ఎక్కువ బయటికొచ్చినట్టు. మామూలు వినైల్ మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు, దానికి బ్లేడు అంత పొడుచుకు రావాల్సిన పని లేదు.

సున్న సంగతి ఆఫ్‌సెట్. బ్లేడు మొన సరిగ్గా ఇరుసు మధ్యలో ఉండదు, కొంచెం వెనక ఈడ్చుకుంటూ వస్తుంది, ఆ దూరమే ఆఫ్‌సెట్. 45 డిగ్రీల బ్లేడుకు ఎక్కువగా 0.25 మిల్లీమీటర్లు పెడతారు. తక్కువైతే మూలలు గుండ్రంగా వస్తాయి, సున్న కలవదు. ఎక్కువైతే మూలల దగ్గర కొమ్ములు మొలుస్తాయి. 0.25 పెట్టినా కలవకపోతే బ్లేడు హోల్డర్‌లో తిరగట్లేదన్నమాట. బ్లేడు బయటికి తీసి లోపల ఇరుక్కున్న వినైల్ పోగులు ఊదెయ్యి, మిషన్ ఆయిల్ ఒక్క చుక్క చాలు.

జమ్మికుంట ఆర్ట్స్:
ఏడడుగుల పీసుకు రోలు అలాగే స్టాండు మీద వదిలేసి కోశావా? అయితే ప్రతి లాగుకూ మిషన్ రోలు బరువు మోస్తోంది. ఎనిమిది తొమ్మిది అడుగులు ముందే విప్పి వదులుగా వేలాడదీయి. షీటును పైనుంచి నొక్కి పట్టే పించ్ రోలర్లు రెండూ గరుకు రాడ్డు మీదే కూర్చోవాలి, ఒకటి కొంచెం పక్కకు జరిగినా షీటు ఆ వైపే తిరుగుతుంది. కట్ ఇచ్చే ముందు మొత్తం పొడవూ ఒకసారి ముందుకు తోలి వెనక్కి తెచ్చుకో, పక్కకు జరిగేదుంటే అప్పుడే తెలిసిపోతుంది. స్పీడు సగానికి తగ్గించు. సాఫ్ట్‌వేర్‌లో ఒక అక్షరం పూర్తయ్యాకే ఇంకోదానికి పోయేలా సార్టింగ్ పెట్టు, లేకపోతే ఆ చివరికీ ఈ చివరికీ పరుగులు పెట్టి షీటును జరిపేస్తుంది.

మంచిర్యాల ప్రింట్:
అడ్డగీత సంగతి నేను చెప్తా, చాలావరకు కరెంటు గోలే. యూఎస్‌బీ కేబుల్ ఎంత పొడవుంది? ఐదు మీటర్లు దాటితే డేటా మీద నమ్మకం లేదు. కూలరు, కంప్రెసరు ఉన్న స్విచ్ బోర్డులోనే ప్లాటర్ ప్లగ్గు పెడితే అవి ఆన్ అయినప్పుడల్లా ఇది బెదురుతుంది. ఎర్తింగ్ చెక్ చేయించు, మన పాత బజారు షాపుల్లో మూడో పిన్ను అలంకారానికే ఉంటుంది. కంప్యూటర్ స్లీప్‌లోకి పోకుండా, యూఎస్‌బీ పవర్ ఆదా చేయకుండా సెట్టింగ్ ఆపెయ్యి. అప్పటికీ ఆగకపోతే అప్పుడు మిషన్ బోర్డును అనుమానించొచ్చు.

నర్సంపేట డిజైన్స్:
తలకట్టు వేరే చోట పడిందన్నావు, టైప్ చేసింది అనూ ఫాంటేనా? అందులో ఒక్కో అక్షరం ముక్కలు ముక్కలుగా పేర్చినట్టుంటుంది. స్క్రీన్ మీద ఒకటిగా కనిపిస్తుంది కానీ కట్టర్‌కు అవి ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలు. అన్నిటికీ విడివిడిగా గీత గీసి అక్షరం మధ్యలోంచి కోసేస్తుంది. కోరెల్‌లో (డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో) గీతలు మాత్రమే కనిపించే వైర్‌ఫ్రేమ్ పెట్టి చూడు, అడ్డగీతలు కనిపిస్తే అక్షరాలను కర్వ్స్ (గీతలు) చేసి వెల్డ్ కొట్టు, ముక్కలన్నీ ఒకటిగా కలుస్తాయి. ఒత్తులు, గుడులు కూడా అతుక్కున్నాయో లేదో చూసుకో. లోగో ట్రేస్ చేసిందైతే నోడ్లు (గీత మీది చుక్కలు) తగ్గించు, వందల నోడ్లుంటే మిషన్ వణుక్కుంటూ కోస్తుంది.

హన్మకొండ రేడియం:
అన్నలూ, పట్టీ మీద గోరు దిగబడింది! గాడి ఒకటి కాదు, మూడున్నాయి. కొత్తది వేసి ప్రెషర్ 95 పెడితే తెగింది, బ్యాక్ పేపర్ క్షేమం. హోల్డర్‌లోంచి ఎర్ర వినైల్ పోగు ఒకటి బయటపడింది, ఎర్రది నేను కోసి మూడు నెలలు. ఇప్పుడు సున్న కలుస్తోంది. ఫాంటు అనూయే, వెల్డ్ సంగతి ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదు. బస్సు పేరు రోలు విప్పుకుని మళ్లీ కోశా, చివరి అక్షరం దాకా సరిగ్గా వచ్చింది. ప్లగ్గు వేరే లైనుకు మార్చాక రెండు రోజుల నుంచి ఆగలేదు, ఎర్తింగ్‌కు మాత్రం రేపు ఎలక్ట్రీషియన్ వస్తానన్నాడు. ఇంకొక్కటి, లారీ వెనక వేసే మందం రిఫ్లెక్టివ్ షీటుకు ఇదే బ్లేడు చాలా?

కరీంనగర్ స్టిక్కర్స్:
దానికి 60 డిగ్రీలది వేరే పెట్టుకో, స్పీడు తగ్గించు. ఆఫ్‌సెట్ మాత్రం ప్యాకెట్ మీద చూసి మార్చు, 0.25 దానికి సరిపోకపోవచ్చు. ముందు ఒక మూల చిన్న చదరం కోసి చూసుకున్నాకే లారీ పని మొదలుపెట్టు, ఆ షీటు రేటు నీకు తెలియంది కాదు.