కుమార్ రాకర్ మీద 2022లో మూడో పిక్ పెట్టడం తప్పేనా?

ఫ్రిస్కో_నాన్న
2025 సీజన్ అయిపోయింది, ఇప్పుడు మొహమాటం లేకుండా మాట్లాడుకోవచ్చు. మన బేస్‌బాల్ టీమ్ టెక్సస్ రేంజర్స్ 2021లో 102 మ్యాచ్‌లు ఓడింది. అంత ఓడినందుకు దక్కే ఒకే ఒక్క ఓదార్పు, మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో ముందు వరస. దేశంలోని కాలేజీ, హైస్కూలు కుర్రాళ్ళందరిలో మూడో పేరు మనం పిలవొచ్చు. పిలిచాం. కుమార్ రాకర్, పిచర్, అంటే బంతి వేసేవాడు.

ఈ ఏడాది 14 మ్యాచ్‌లలో మొదటి పిచర్‌గా దిగాడు, ఈఆర్ఏ 5.74. అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి దాదాపు ఆరు పరుగులు ఇస్తున్నాడు. మధ్యలో భుజం నొప్పి, చివరికి కింది లీగ్. అదే డ్రాఫ్ట్‌లో ఏడో పిక్ కేడ్ హార్టన్ అనే పిచర్ కబ్స్ టీమ్‌కి ఈ ఏడాదే 11 మ్యాచ్‌లు గెలిపించాడు. పదమూడో పిక్ జాక్ నెటో ఏంజెల్స్ టీమ్‌కి షార్ట్‌స్టాప్ అనే ఫీల్డర్, మన డివిజన్‌లోనే ఉండి మన మీదే కొడుతున్నాడు. తప్పు చేశామా లేదా? సూటిగా చెప్పండి.

బుల్‌పెన్_బుజ్జి
చేశాం. తర్వాతి టాపిక్ ప్లీజ్.

లెక్కల_మాస్టారు
"మూడో పిక్ పెట్టడం" అన్న మాటే తప్పు. ముందు అది సరిచేసుకుందాం.

డ్రాఫ్ట్‌లో ప్రతి పిక్‌కీ లీగ్ ఒక ధర కడుతుంది, దాన్నే స్లాట్ అంటారు. ఆ ధరలన్నీ కలిపితే టీమ్ బడ్జెట్. మరీ ఎక్కువ దాటితే రాబోయే ఏళ్ళ పిక్‌లు పోతాయి. 2022లో మూడో స్లాట్ దాదాపు 7.6 మిలియన్ డాలర్లు. రాకర్ సంతకం పెట్టింది 5.2కి. మిగిలింది సుమారు 2.4. ఆ మిగులుతోనే నాలుగో రౌండ్‌లో బ్రాక్ పోర్టర్ అనే మిషిగన్ హైస్కూలు పిచర్‌కి 3.7 ఇచ్చి తెచ్చారు. ఆ రౌండ్ స్లాట్ ఒక మిలియన్ కూడా ఉండదు.

ఇంకో సంగతి. కోరీ సీగర్, మార్కస్ సెమియన్ అనే ఇద్దరు స్టార్లని కొన్నందుకు జరిమానాగా ఆ ఏడాది మన రెండో రౌండ్, మూడో రౌండ్ పిక్‌లు పోయాయి. మొదటి పిక్ తర్వాత మళ్ళీ మన వంతు వచ్చేది నాలుగో రౌండ్‌లోనే. అంటే చేతిలో ఉన్న ఒక పెద్ద నోటు మార్చి ఇద్దర్ని తెచ్చారు. ఒక్కడి మీద పెట్టారనడం అన్యాయం.

ఫ్రిస్కో_నాన్న
మాస్టారూ, పోర్టర్ ఎక్కడున్నాడు ఇప్పుడు?

లెక్కల_మాస్టారు
అది వేరే ప్రశ్న. నిర్ణయం సరైనదా అన్నారు మీరు, ఫలితం గురించి అడగలేదు.

ఫ్రిస్కో_నాన్న
సగటు లోతు లెక్కేసి పిల్లల్ని ఏరు దాటించిన కరణం కూడా ఇదే అన్నాడట. లెక్క సరిగ్గానే ఉంది, పిల్లలే కనబడటం లేదు.

ప్లేనో_పిన్ని
😂😂

రైట్‌హ్యాండ్_రాజమండ్రి
ఇద్దరూ అసలు విషయం వదిలేసి డబ్బులు లెక్కబెట్టుకుంటున్నారు. ఆ కుర్రాడు మన చేతికి ఎందుకు వచ్చాడో గుర్తుందా?

2019లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మొదటి ఏడాది కుర్రాడిగా డ్యూక్ టీమ్ మీద నో-హిట్టర్ వేశాడు. 19 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్ అవుట్), ఒక్క హిట్ లేదు. ఆ ఏడాదే టీమ్ కాలేజ్ వరల్డ్ సిరీస్ గెలిచింది, ఆ టోర్నీలో ఉత్తమ ఆటగాడు ఇతనే. 2021లో 122 ఇన్నింగ్స్‌లో 179 స్ట్రైకౌట్లు. న్యూయార్క్ మెట్స్ టీమ్ ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో పదో పిక్‌గా తీసుకుంది, 6 మిలియన్లకి మాట అయిందని వార్తలొచ్చాయి. ఆ తర్వాత మెడికల్ చేశారు. ఆగస్టు 1 గడువు దాటేదాకా నాన్చి, సంతకం లేకుండా వదిలేశారు. మెట్స్‌కి మాత్రం నష్టం లేదు, మరుసటి ఏడాది పదకొండో పిక్ పరిహారంగా వచ్చింది. కుర్రాడికి వచ్చిందేమిటి? ఊరంతా "వీడి చెయ్యి బాగాలేదట" అన్న పేరు.

నాకూ ఇలాగే జరిగింది కాబట్టి చెబుతున్నా. పాతికేళ్ళ కిందట ఒక పెద్ద సంస్థలో రాత పరీక్ష పాసయ్యాను, ఇంటర్వ్యూ పాసయ్యాను. అమ్మ వీధంతా లడ్డూలు పంచింది. తర్వాత మెడికల్‌లో ఎడమ చెవి కొంచెం తక్కువ వినబడుతుందని తోసేశారు. ఆ ఉద్యోగం కుర్చీలో కూర్చుని కాగితాలు చూసేది. ఆ చెవితోనే ఇన్నేళ్ళుగా కాన్ఫరెన్స్ కాల్స్ చేస్తున్నా.

లెక్కల_మాస్టారు
బాధగానే ఉందండీ, కానీ మెట్స్ మెడికల్ తప్పని ఎవరన్నారు? 2021 సెప్టెంబరులో భుజానికి ఆపరేషన్ అయింది. 2023 మేలో మోచేతికి టామీ జాన్ అనే లిగమెంట్ సర్జరీ. మెట్స్ భయపడ్డదే జరిగిందిగా.

రైట్‌హ్యాండ్_రాజమండ్రి
భుజం ఆపరేషన్ అయ్యాక 2022లో ట్రై-సిటీ వ్యాలీక్యాట్స్‌కి ఆడాడు. ఏ పెద్ద టీమ్‌తోనూ సంబంధం లేని ఫ్రాంటియర్ లీగ్. 20 ఇన్నింగ్స్, 32 స్ట్రైకౌట్లు, ఈఆర్ఏ 1.35. రిపోర్టు నమ్మాలా, కళ్ళ ముందు వేసిన బంతుల్ని నమ్మాలా?

లెక్కల_మాస్టారు
20 ఇన్నింగ్స్ శాంపిల్ కాదు.

రైట్‌హ్యాండ్_రాజమండ్రి
ఒక ఎమ్మారై శాంపిలా?

బుల్‌పెన్_బుజ్జి
టీ పెట్టుకుని వస్తా, ఆపకండి.

ఫ్రిస్కో_నాన్న
అన్నా, నీ చెవికీ రాకర్ భుజానికీ సంబంధం లేదు. నీది అన్యాయమే, ఒప్పుకుంటా. పిచర్‌కి భుజమే ఉద్యోగం.

నేనేమీ టీవీలో చూసి మాట్లాడటం లేదు. 2024 వేసవిలో సర్జరీ నుంచి కోలుకుని రేంజర్స్ కింది లీగ్ టీమ్, మన ఫ్రిస్కో రఫ్‌రైడర్స్‌కి వచ్చినప్పుడు వెళ్ళాను. ఫ్రిస్కో స్టేడియంలో రైట్ ఫీల్డ్ అవతల లేజీ రివర్ ఉంటుంది కదా, పిల్లలు ట్యూబుల మీద తేలుతూ ఉంటారు. మేము పిచర్లు వార్మప్ చేసే బుల్‌పెన్ కంచె పక్కన నిలబడ్డాం. ఆ స్లైడర్ దగ్గర్నుంచి చూడాలి. మనిషి ఆరడుగుల ఐదంగుళాలు. బంతి బ్యాటర్ నడుము మీదకి వస్తున్నట్టే వచ్చి, చివర్లో ఎవరో దారం కట్టి లాగినట్టు పక్కకి, కిందకి జారిపోతుంది. క్యాచర్ గ్లవ్ నేలకి తగిలి దుమ్ము లేచింది. మావాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. సెప్టెంబరు 12న సియాటిల్‌లో రేంజర్స్‌కి మొదటి మ్యాచ్, నాలుగు ఇన్నింగ్స్‌లో 7 స్ట్రైకౌట్లు. ఇంట్లో పండగ చేసుకున్నాం. ఈ కుర్రాడంటే నాకు కోపం లేదు. మూడో పిక్‌కి రిపేరు చేసిన చెయ్యి కొనొద్దంటున్నా, అంతే.

లెక్కల_మాస్టారు
హార్టన్‌ని పొగిడారు కదా. ఓక్లహోమాలో ఉండగా 2021లో హార్టన్‌కీ టామీ జాన్ అయింది. అది కూడా రిపేరు చేసిన చెయ్యే.

ఫ్రిస్కో_నాన్న
అతనిది మోచెయ్యి. మోచెయ్యి బాగవుతుంది, భుజం అంత తేలిగ్గా బాగవదు.

లెక్కల_మాస్టారు
మొదటి పోస్టులో మోచెయ్యి, భుజం అని విడదీయలేదు మీరు. ఇప్పుడు గోల్‌పోస్టు జరుపుతున్నారు.

స్వింగ్_అండ్_మిస్
మీరెన్నైనా అనండి, జెర్సీ వెనకాల కుమార్ అని ఉంటే చాలు నాకు. 😍 మనోడు.

ఫ్రిస్కో_నాన్న
ఇదిగో, అసలు రోగం బయటపడింది. జెర్సీ వెనకాల ఉండేది రాకర్ అని బాబూ, కుమార్ కాదు. అతని పేరు కెవిన్ అయితే ఈ థ్రెడ్‌లో సగం మంది 5.74 చూసి ఉమ్మేసేవాళ్ళు. జాక్ లైటర్‌ని 2021లో రెండో పిక్‌గా తెచ్చాం. అదే వాండర్‌బిల్ట్, ఇద్దరూ ఒకే టీమ్. లైటర్ కూడా మొదట్లో తడబడ్డాడు. అప్పుడు ఇక్కడ ఎన్ని బూతులు పడ్డాయో వెనక్కి వెళ్ళి చదవండి. ఎవరైనా "పాపం పిల్లాడు" అన్నారా?

రైట్‌హ్యాండ్_రాజమండ్రి
అనలేదు. కెవిన్ అయితే ఇంత వాదించేవాణ్ణి కాదు కూడా. అయితే ఏంటి? అభిమానం అంటే అదే కదా. ధోనీ మీద రాంచీ వాళ్ళకి ఉండదా?

ప్లేనో_పిన్ని
ధోనీ రాంచీలో పుట్టాడు, రాంచీలో ఆడుకున్నాడు. రాకర్ జార్జియాలో పెరిగిన పిల్లాడు. అమ్మ లలిత గారి తల్లిదండ్రులు ఇండియా నుంచి వచ్చారు, సంతోషం. నాన్న ట్రేసీ రాకర్ ఆబర్న్ యూనివర్సిటీలో 1988లో అవుట్‌లాండ్, లోంబార్డీ రెండు అవార్డులూ గెలిచిన అమెరికన్ ఫుట్‌బాల్ లైన్‌మన్. ఆ ఒళ్ళు, ఆ భుజాలు ఎవరివి అనుకుంటున్నారు? మనం అమ్మ వైపు మాత్రమే లెక్కబెట్టుకుని మనోడు అంటున్నాం. అదే పిల్లాడు మన సంబంధాల వాట్సాప్ గ్రూపులోకి వస్తే ఎంతమంది మనోడు అంటారో నాకు తెలుసు.

స్వింగ్_అండ్_మిస్
అమ్మో. ఆంటీ, నేను సరదాకి అన్నాను.

రైట్‌హ్యాండ్_రాజమండ్రి
మేడమ్, ఆ మాట నా మీదకి రాదు. మా అమ్మాయి పెళ్ళి గురించి ఇక్కడ మాట్లాడను.

ప్లేనో_పిన్ని
మీ గురించి అనలేదండీ.

లెక్కల_మాస్టారు
టాపిక్‌కి వద్దాం. ఫ్రిస్కో_నాన్న గారూ, హార్టన్ పాయింట్‌కి సమాధానం చెప్పలేదు.

ఫ్రిస్కో_నాన్న
మాస్టారూ మీకు దండం. మూడు రోజుల నుంచి 7.6, 5.2, 2.4, 3.7! అందులో ఎక్కడైనా మనిషి ఉన్నాడా? "ఒక నోటు మార్చి ఇద్దర్ని తెచ్చారు" అన్నారు. ఇద్దరు కుర్రాళ్ళండీ వాళ్ళు! ఇద్దర్లో ఒకడి చెయ్యి పోతే ఇంకోడు ఉన్నాడు అన్న ధైర్యం మీది. టీమ్‌ది కూడా. ఆ ధైర్యం వాళ్ళ అమ్మానాన్నలకి ఉంటుందా?

లెక్కల_మాస్టారు
5.2 మిలియన్లు అందాయి రాకర్‌కి. చెయ్యి పోయినా ఆ డబ్బు వెనక్కి ఇవ్వక్కర్లేదు. మెట్స్ పొమ్మంది, మన వాళ్ళు డబ్బిచ్చి మరీ తీసుకున్నారు. నా దృష్టిలో మొత్తం కథలో ఆ కుర్రాడితో మనుషుల్లా ప్రవర్తించింది మనమే. లెక్కలు చెబుతున్నానని నన్ను రాయిలా చూడకండి. అసలు మీరు పిక్ వద్దంటున్నారా, పిచింగే వద్దంటున్నారా? మొదట్నుంచీ నాకు అర్థం కావడం లేదు.

ఫ్రిస్కో_నాన్న
(చాలాసేపు రాసి చెరిపేశాను.)

మావాడు ఈ మార్చి నుంచి బంతి వెయ్యడం లేదు. పద్నాలుగేళ్ళు. మోచేతి లోపలి వైపు నొప్పి. గ్రోత్ ప్లేట్ (ఎముక పెరిగే చోటు) అన్నారు. నొప్పని అంతకుముందు రెండు నెలలుగా వాడు చెబుతూనే ఉన్నాడు. నేను ఐస్ పెట్టి, సెలెక్షన్స్ అయ్యేదాకా ఓర్చుకోమన్నాను. రాకర్‌ని చూడరా, రెండు ఆపరేషన్లు అయినా ఎలా వేస్తున్నాడో అన్నాను. ఆ మాట అన్నది నేనే.

కాబట్టి మాస్టారూ, మీరడిగింది సరైన ప్రశ్నే. నాకు తెలీదు.

బుల్‌పెన్_బుజ్జి
బాబాయ్ 🙏

రైట్‌హ్యాండ్_రాజమండ్రి
తమ్ముడూ, నువ్వు ఇది మొదటే చెప్పి ఉంటే నా చెవి గొడవ తెచ్చేవాణ్ణే కాదు. ఇప్పుడెలా ఉన్నాడు?

ఫ్రిస్కో_నాన్న
సెకండ్ బేస్‌లో ఆడుతున్నాడు. నాతో బేస్‌బాల్ గురించి మాట్లాడటం లేదు. కోచ్‌తో మాట్లాడతాడు.

ప్లేనో_పిన్ని
మా చిన్నోడికి పదమూడు. వాడూ పిచరే. రోజుకి ఎన్ని బంతులు వెయ్యొచ్చు అసలు?

లెక్కల_మాస్టారు
పదమూడు, పద్నాలుగేళ్ళ వాళ్ళకి లీగ్ మార్గదర్శకాల ప్రకారం రోజుకి 95 దాటకూడదు. అది గరిష్ఠం, అన్ని వెయ్యాలని కాదు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే కనీసం నాలుగు రోజులు విశ్రాంతి.

ప్లేనో_పిన్ని
వాడు రెండు టీముల్లో ఉన్నాడు. శనివారం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఏ టీమ్‌కి ఆ టీమ్ లెక్క రాసుకుంటుంది. రెండూ కలిపి ఎవరూ చూడరు. ఇప్పుడే రెండు స్కోరు యాప్‌లూ తెరిచి కూడి చూశాను.

లెక్కల_మాస్టారు
ఎంత?

ప్లేనో_పిన్ని
నూట పదహారు.

ఫ్రిస్కో_నాన్న
ఈ వారం మళ్ళీ ఆట ఉందా?

ప్లేనో_పిన్ని
రేపు పొద్దున తొమ్మిదింటికి. బ్యాగు సర్దుకుని పడుకున్నాడు.