పాత 407 ఇంటిబండి: ఎయిర్ కంప్రెసర్ బాగు చేయించాలా, కొత్తది వేయాలా?

కంటిబండి, హనుమకొండ

అందరికీ నమస్కారం. నా దగ్గర 1989 నాటి టాటా 407 ఉంది. ఒకప్పుడు అది పల్లెల్లో కంటి శిబిరాలకు తిరిగిన బండి. లోపల మైక్రోస్కోపు, పరీక్ష కుర్చీ బిగించి ఉండేవి. వాటికి కుదుపు తగలకుండా వెనక ఇరుసుకు కమాన్ పట్టీలతో పాటు రెండు ఎయిర్ బెలూన్లు, ఇరుపక్కలా బండి ఎత్తును బట్టి బెలూన్‌లోకి గాలి నింపే, వదిలే ఒక్కో లెవలింగ్ వాల్వు, 10 లీటర్ల గాలి ట్యాంకు, 12 వోల్టుల కంప్రెసర్ అమర్చారు. ఆరేళ్ళ కిందట వేలంలో కొన్నాను. రెండు పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ళ ట్యాంకు పెట్టించి ఇంటిబండిగా మార్చుకున్నాను.

మా అమ్మకు వెన్నుపూస ఆపరేషన్ అయింది. బస్సులో గంటసేపు కూర్చోలేదు. ఈ బండిలో వెనక పడక మీద పడుకుంటే మూడు గంటలు హాయిగా ప్రయాణం చేస్తుంది. మా ఇంట్లో ఈ బండికి ఉన్న విలువ అంతా ఆ రెండు బెలూన్లలోనే ఉంది.

ఇక సమస్య. వానలు మొదలైనప్పటి నుంచి కంప్రెసర్ మాటిమాటికీ తిరుగుతోంది. ముందు పది నిమిషాలకోసారి, తర్వాత మూడు నిమిషాలకోసారి. జూలై చివర్లో తాడ్వాయి నుంచి వస్తూ రాత్రికి పాలంపేటలో రామప్ప చెరువు దగ్గర ఆగాం. తెల్లవారేసరికి బండి ఎడమ పక్క నాలుగు అంగుళాలు కిందికి దిగి ఉంది. ఇంజను స్టార్ట్ చేస్తే కంప్రెసర్ ఆగకుండా అరగంట తిరిగింది. ములుగు దాటాక మాడిన వాసన వచ్చి 30 ఆంపియర్ల ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. 40 ఆంపియర్ల ఫ్యూజు వేసి ఇంటికి చేర్చాను.

ఆటోనగర్‌లో మెకానిక్ విప్పి చూశాడు. పిస్టన్ రింగు అరిగిపోయింది. హెడ్డులో తుప్పు నీళ్ళు. గాలిని ఆరబెట్టే డబ్బాలో సిలికా గుళికలు పిండిగా మారాయి. రింగు, గ్యాస్కెట్, మోటారు బ్రష్‌లు మార్చడానికి 3,500 అడుగుతున్నాడు. కొత్త కంప్రెసర్ అయితే 18,000. దసరా లోపల అమ్మను బాసర తీసుకెళ్తానని మాట ఇచ్చాను. ఏది చేయమంటారు?

పాత డిపో మనిషి, కరీంనగర్

తమ్ముడూ, బస్సు డిపోలో 31 ఏళ్ళు పని చేశాను. అందులో చివరి పన్నెండేళ్ళు గాలి సస్పెన్షన్ బస్సుల మీదే. నీ ప్రశ్నకు జవాబు చెప్తాను కానీ ముందు ఒక మాట. గాలి మీద నిలబడిన బండి కిందికి ఎప్పుడూ దూరకు. బెలూన్ పగిలినా, పైపు ఊడినా బండి ఒక్క క్షణంలో కూర్చుంటుంది. జాకీని కూడా నమ్మకు. చాసిస్ కింద రెండు పక్కలా ఇనుప స్టాండ్లు పెట్టు. అవి లేకపోతే లారీలవాళ్ళు వాడే మందపాటి టేకు దిమ్మెలు పెట్టు. నీ మెకానిక్‌కు కూడా ఇదే చెప్పు.

ఇప్పుడు విషయం. నీ కంప్రెసర్ చచ్చిపోయింది, నిజమే. దాన్ని చంపింది మాత్రం ఎడమ పక్క లీకేజీ. ఇలాంటి చిన్న కంప్రెసర్లు ఆగకుండా తిరిగేలా చేసినవి కావు. ఇరవై నిమిషాలు తిరిగితే నలభై నిమిషాలు చల్లారాలి. లోపల నూనె ఉండదు, టెఫ్లాన్ రింగు ఒట్టి సిలిండర్ మీద రాసుకుంటూ పోతుంది. లీకేజీ వల్ల విరామం లేక వేడెక్కింది. రింగు అరిగింది. అరిగాక గాలి తక్కువ తోస్తుంది కనుక ఇంకా ఎక్కువసేపు తిరిగింది. లీకేజీ పట్టకుండా 18,000 పెట్టి కొత్తది వేసినా వచ్చే వానాకాలానికి మళ్ళీ ఇక్కడికే వస్తావు.

పట్టుకునే పద్ధతి ఇది. పాత కంప్రెసర్ పని చేయదు కాబట్టి టైరు షాపు గాలితో ట్యాంకు నింపు. 120 పౌండ్లకు తెచ్చి, ఇంజను ఆపేసి, గంట తర్వాత మీటరు చూడు. తర్వాత ఎడమ లెవలింగ్ వాల్వుకు వెళ్ళే పైపు విప్పి, ట్యాంకు వైపు బిరడా బిగించి మళ్ళీ అదే పరీక్ష చేయి. ఈసారి గాలి నిలిస్తే దొంగ ఎడమ పక్కనే ఉన్నాడు.

అక్కడ మూడు చోట్లు చూడాలి. మొదటిది బెలూన్ మడతలు. బండి దిగి ఉన్నప్పుడు పగుళ్ళు మడతల్లో దాక్కుంటాయి, కనిపించవు. చాసిస్ పైకి లేపి బెలూన్‌ను పూర్తిగా సాగదీయాలి. అయితే అలా లేపగానే లెవలింగ్ వాల్వు బండి ఎత్తు పెరిగిందనుకుని గాలి బయటికి వదిలేస్తుంది. అందుకని ముందే దాన్ని ఇరుసుకు కలిపే కడ్డీ విప్పి, మీటను చేత్తో గాలి నింపే వైపు పట్టుకోవాలి. అప్పుడు బ్రష్‌తో షాంపూ నీళ్ళు పూయి. ఓపిగ్గా చూడు, చిన్న పగులు నుంచి బుడగ రావడానికి అర నిమిషం పడుతుంది. రెండోది పైపు యూనియన్లు. నైలాన్ పైపును హాక్సా బ్లేడుతో వంకరగా కోసి గుచ్చితే లోపలి ఓ-రింగు మీద సరిగ్గా కూర్చోదు.

మూడోది చాలామంది చూడనిది. లెవలింగ్ వాల్వు కడ్డీకి రెండు చివరలా రబ్బరు బుష్‌లు ఉంటాయి. అవి అరిగితే కడ్డీ ఊగుతుంది. ప్రతి గుంతకూ వాల్వు కాస్త గాలి తాగుతుంది, కాస్త బయటికి వదులుతుంది. బండి నిలబడి ఉన్నప్పుడు చూస్తే ఒక్క బుడగ కూడా కనిపించదు. రోడ్డు మీద మాత్రం ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంటుంది. డిపోలో కంప్రెసర్ మార్చాలని రాసిన బస్సుల్లో ఎన్నింటికో ఈ చిన్న బుష్‌లు మార్చి పంపాను.

బాగు చేయించాలా, కొత్తదా అంటే, సిలిండర్ లోపలి గోడ మీద గోరు నిలువుగా కాకుండా అడ్డంగా గీయి. గీతలు గోరుకు తగిలితే కొత్త రింగు నాలుగు నెలలు కూడా ఆగదు, 3,500 దండగ. నున్నగా ఉంటే బాగు చేయించు.

వైరింగ్ పని, గోదావరిఖని

పెద్దాయన చెప్పినదానికి కరెంటు వైపు నుంచి కొంత కలుపుతాను. ఇక్కడ బొగ్గు టిప్పర్లకు, వ్యాన్లకు వైరింగ్ చేస్తుంటాను.

అన్నా, ముందు ఆ 40 ఆంపియర్ల ఫ్యూజు ఈ రోజే తీసేయండి. ఫ్యూజు ఉన్నది తీగను కాపాడటానికి. తీగ అంతే సన్నగా ఉండి ఫ్యూజు పెద్దదైతే ముందు కాలేది తీగ. మీ బండిలో పడక కింద నుంచి వెళ్ళే తీగ అది. అమ్మగారు పడుకునే చోటు.

కంప్రెసర్ తిరుగుతుండగా దాని దగ్గరే మీటరు పెట్టి వోల్టేజీ చూడండి. బ్యాటరీ ముందుంది, కంప్రెసర్ వెనకుంది. పోనూ రానూ 12 మీటర్ల తీగ అనుకుందాం. 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో 25 ఆంపియర్లు వెళ్తే దాదాపు 1.4 వోల్టులు దారిలోనే పోతాయి. 10 చదరపు మిల్లీమీటర్లది వేస్తే పోయేది అర వోల్టు పైచిలుకు. వోల్టేజీ తగ్గితే మోటారు మెల్లగా తిరుగుతుంది, అదే గాలికి ఎక్కువసేపు పని చేస్తుంది, వేడెక్కుతుంది. ఎర్త్ తీగను తుప్పు పట్టిన చాసిస్‌కు బిగించి వదిలేయకుండా నేరుగా బ్యాటరీ దాకా లాగండి.

ఇంకొకటి గమనించండి. ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు కంప్రెసర్ మామూలుగా స్టార్టయి, సగం నిండాక ఆగి మళ్ళీ మొదలవ్వబోతే ఫ్యూజు పోతోందా? అలాగైతే చెక్ వాల్వు పట్టి ఉంచడం లేదు. ట్యాంకులోని గాలి వెనక్కి వచ్చి పిస్టన్ నెత్తిన కూర్చుంటుంది. అంత బరువు మీద మోటారు కదల్లేక ఫ్యూజును తినేస్తుంది. కొత్త కంప్రెసర్ వేసినా పాత చెక్ వాల్వు మాత్రం ఉంచకండి.

మట్టెవాడ నుంచి

మా అన్నయ్య అమెరికాలో ఉంటాడు. అతని దగ్గర 1976 నాటి జీఎంసీ మోటార్‌హోమ్, అంటే అక్కడి ఇంటిబండి, ఉంది. 1973 నుంచి 1978 వరకు తయారైన బండి అది. ముందు చక్రాలే లాగుతాయి. వెనక ఒక్కో పక్కన రెండు చక్రాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వాటి మధ్య ఎయిర్ బెలూన్ అడ్డంగా పడుకుని ఉంటుంది. వెనక కమాన్ పట్టీలు అసలు లేవు. గాలి పోతే వెనక భాగం చక్రాల మీదికి దిగిపోతుంది, ఇక నడపలేరు. అందుకని అన్నయ్య ప్రతి బెలూన్ పైపులో T ఆకారపు జాయింటు, అదే టీ ముక్క, ఒకటి వేసి, దానికి టైరుకు ఉండేలాంటి నిపిల్ పెట్టుకున్నాడు. కంప్రెసర్ ఎక్కడ మొరాయించినా పంపుతో గాలి కొట్టుకుని ఇంటికి వచ్చేస్తాడు.

మీ 407కు కమాన్ పట్టీలు ఉన్నాయి కాబట్టి అంత ప్రమాదం లేదు. అయినా అమ్మగారితో దారిలో ఉన్నప్పుడు పరకాలలోనో మెట్‌పల్లిలోనో ఏ పంక్చర్ షాపులోనైనా గాలి నింపించుకోగలగడం మంచిది కదా. రెండు నిపిళ్ళు, రెండు టీ ముక్కలు. పెద్ద ఖర్చు కాదు.

కంటిబండి, హనుమకొండ

పద్దెనిమిది రోజుల తర్వాత రాస్తున్నాను. పెద్దాయనకు పాదాభివందనం. మీరు చెప్పిన వరసలోనే చేశాం.

టేకు దిమ్మెలు నాలుగు పెట్టాకే కిందికి వెళ్ళాం. మొదటి పరీక్షలో 120 పౌండ్లు గంటకు 70కి పడిపోయాయి. ఎడమ పైపుకు బిరడా వేశాక గంటకు 117 ఉన్నాయి. కడ్డీ విప్పి, మీట పైకి పట్టుకుని, బెలూన్ సాగదీసి షాంపూ నీళ్ళు పూస్తే కింది మడతలో వడ్లగింజంత పగులు కనిపించింది. సరిగ్గా అర నిమిషానికి బుడగ వచ్చింది. మెకానిక్ దానికి టైరు ప్యాచీ వేద్దామన్నాడు. ప్రతి కుదుపుకూ మడత పడే చోట ప్యాచీ నిలవదని నాకు అనిపించి కొత్త బెలూనే తెప్పించాను. ఎడమ కడ్డీ బుష్‌లు కూడా పూర్తిగా పోయాయి, కడ్డీ వేలితో కదిపితే అంగుళం ఊగుతోంది. అంటే గాలి రెండు దారుల్లో పోతోంది. ఒకటి పట్టుకుని సంతోషపడి ఊరుకుంటే రెండోది మిగిలేది.

సిలిండర్ గోడకు గోరు తగిలింది, మూడు చోట్ల. కొత్త కంప్రెసరే వేశాను. పాతది చాసిస్ కింద వెనక చక్రం బురద తగిలేచోట ఉండేది. ఇప్పుడు లోపల, ఒకప్పుడు మందుల సీసాలు పెట్టిన చెక్క అలమరలో, రబ్బరు దిండ్ల మీద బిగించాం. అలమర తలుపుకు గాలి ఆడేలా జాలీ కొట్టించాను. గాలి పీల్చుకునే మూతి కూడా లోపలే ఉంది. తీగ 10 చదరపు మిల్లీమీటర్లది, ఎర్త్ బ్యాటరీ దాకా, చెక్ వాల్వు కొత్తది, ఫ్యూజు మళ్ళీ 30. కంప్రెసర్ దగ్గర వోల్టేజీ ఇంతకుముందు 11.2 చూపేది, ఇప్పుడు 13 దాటుతోంది. నిపిళ్ళు రెండూ వెనక బంపర్ పక్కన పెట్టించాను.

నిన్న అమ్మను తీసుకుని పాలంపేట వెళ్ళాం. కావాలనే అదే చోట ఆగాను. రాత్రి పడుకునే ముందు, పొద్దున లేచాక చక్రం గూడు నుంచి నేల దాకా టేపుతో కొలిచాను. రెండు పక్కలా ఎత్తు తగ్గలేదు. పొద్దున తాళం తిప్పితే కంప్రెసర్ అసలు మొదలే కాలేదు, ట్యాంకులో 104 పౌండ్లు ఉన్నాయి. అమ్మ మాత్రం దారంతా పడుకుని, దిగాక గుడి మెట్ల దాకా నా చెయ్యి పట్టుకోకుండా నడిచింది.

ఒక్క సందేహం. ట్యాంకు అడుగున నీళ్ళు వదిలే కాక్ ఎన్నాళ్ళకోసారి తిప్పాలి? సిలికా గుళికలు ఎప్పుడు మార్చాలి?

పాత డిపో మనిషి, కరీంనగర్

వానాకాలంలో ప్రయాణం చేసిన ప్రతి సాయంత్రం కాక్ తిప్పు, ఎండాకాలంలో వారానికోసారి చాలు. గాలిలోని తేమే నొక్కుడు పడి, చల్లారి ట్యాంకు అడుగున నీరవుతుంది. కాక్ నుంచి వచ్చే నీళ్ళు ఎక్కువవుతుంటే గుళికలు తేమ పీల్చడం మానేశాయని అర్థం, అప్పుడు మార్చు. రంగు మారే రకం దొరికితే అదే వేయి, డబ్బా మూత తీయగానే తెలిసిపోతుంది.

కుడి పక్క కడ్డీ బుష్‌లు కూడా మార్చావా? నువ్వు రాయలేదు. రెండూ ఒకే వయసువి. బాసర బయలుదేరే ముందే మార్పించు. కరీంనగర్ మీదుగానే వెళ్తావు కదా, బండి మా ఇంటి ముందు ఆపు. నేనూ ఒకసారి కింద చూస్తాను, ఆ దిమ్మెలు మాత్రం వెంట తెచ్చుకో.