‘టైమౌట్’కి గడువు ముగిసిందా, బదులు రాలేదా?

గోదారిగట్టు:
మాది సహకార సంఘాలకు లెక్కలు రాసే సాఫ్ట్‌వేరు. తెరమీద కనబడే మాటలన్నీ తెలుగు చేసే పని నా నెత్తిన పడింది. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ దగ్గర ‘కనెక్షన్ గడువు ముగిసింది’ అని రాశాను. చదవడానికి నిక్షేపంగా ఉంది కదండీ! పోయిన సోమవారం ఒక ఊళ్ళో అకౌంటెంటు గారు అది చూసి, నెట్ బిల్లు కట్టలేదు కాబోలనుకుని, వెళ్ళి మూడు నెలలకీ ముందే కట్టేసి వచ్చారు. ఎర్రరు కదల్లేదు.

అసలు జరిగింది వేరు. శనివారం రాత్రి కరెంటు పోయి రూటరు మళ్ళీ లేచింది, ఆఫీసు ఐపీ అడ్రసు (ఇంటర్నెట్‌లో ఆఫీసును గుర్తుపట్టే నంబరు) మారింది. హైదరాబాదులో లెక్కలన్నీ దాచే డేటాబేస్ ముందు కాపలా ఉన్న ఫైర్‌వాల్‌కి పాత అడ్రసే తెలుసు. కొత్త అడ్రసు నుంచి ఏమొచ్చినా చప్పుడు లేకుండా పారేసింది. ఆయన తప్పేం లేదు, నా మాటదే తప్పు. ఇంకేం రాయను?

భాషాభిమాని:
‘సమయాతిక్రమణ దోషము’ బాగుంటుంది.

గోదారిగట్టు:
గురువుగారూ, ఈసారి ఆయన శాంతి హోమం చేయించేస్తారు.

ఓరుగల్లు:
అన్నా, గడువు అంటే ఎవరో ఒకరు ముందే పెట్టిన రోజు. దరఖాస్తుకు గడువు, అప్పుకు గడువు, లైసెన్సుకు గడువు. గడచు నుంచి వచ్చిన మాట, గడిచిపోయే కాలానికి పెట్టిన హద్దు. అది ముగిసిందంటే మనమే ఏదో కట్టాలె, లేకుంటే రెన్యువల్ చేయించాలె అనే అనుకుంటం. ఆయన తెలుగు సరిగనే చదివిండు. ‘కాలం చెల్లింది’ అని మాత్రం రాయకు, ఆ సాఫ్ట్‌వేరుకే నూకలు చెల్లినయనుకుంటరు.

మా దిక్కు ఇసొంటి దానికి ‘సప్పుడు లేదు’ అంటం. పిలిస్తే పలుకుతలేడు, ఇంట్ల ఉన్నడో లేడో తెల్వదు.

పాతసర్వరు:
ఓరుగల్లు గారు సరిగ్గా పట్టుకున్నారు. ఇరవయ్యేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను, కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు చెప్పేది ఇదే. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ వచ్చిందంటే సంతోషించండి, ఎవరో ఒకరు బదులిచ్చారు. తలుపు తట్టాం, ‘ఇక్కడ అలాంటివాళ్ళెవరూ లేరు’ అని జవాబొచ్చింది. మిషను బతికే ఉంది, ఆ పోర్టులో, అంటే ఆ నంబరు తలుపు దగ్గర, డేటాబేస్ వినడం లేదంతే. మై ఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ అయితే మామూలుగా ఆ నంబరు 3306, పోస్ట్‌గ్రెస్ అనేదైతే 5432. సర్వీసు ఆగిపోయి ఉంటుంది, లేదా తన మిషను లోపలి పిలుపులే వింటూ కూచుని ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ మామూలు సెట్టింగు ‘లోకల్‌హోస్ట్’, అంటే తన మిషను ఒక్కటే కదా, అది మార్చడం మరిచిపోతే బయటివాళ్ళకి ఇదే జవాబు. ఫైర్‌వాల్ కూడా ఒక్కోసారి ఇలా మొహాన చెప్తుంది, కాని అరుదు.

టైమౌట్ అలా కాదు. తట్టాం, ఉలుకూ పలుకూ లేదు. పాత లినక్స్ కెర్నెల్ (మిషనును నడిపే మూల ప్రోగ్రాం) ఒకసారి తట్టి, 1, 2, 4, 8, 16, 32 సెకన్లు ఆగుతూ మరో ఆరుసార్లు తట్టి, చివరికి ఇంకో 64 సెకన్లు చూసి, మొత్తం 127 సెకన్లకు చేతులెత్తేస్తుంది. మన ప్రోగ్రాం తరఫున డేటాబేస్‌తో మాట్లాడే డ్రైవర్లు కొన్ని అంతసేపు ఊరుకోవు, 10, 15 సెకన్లకే విరమిస్తాయి. ముగిసింది కనెక్షన్ గడువు కాదండీ, మన ఓపిక.

‘పింగ్ (మిషను ఉందా అని పలకరించే కమాండు) వెళ్తోంది కదా సార్’ అంటారు. పింగ్ వీధి చివర నిలబడి కేకెయ్యడం లాంటిది, ఏ తలుపు తీసుందో దానికేం తెలుసు? టెల్‌నెట్ అనే కమాండుతో ఆ పోర్టునే తట్టి చూడండి. కనెక్ట్ కాకుండా అలాగే ఉండిపోతే దారిలో ఎవరో మింగేస్తున్నారు. డేటాబేస్ పాస్‌వర్డు జోలికి వెళ్ళనే వద్దు. పాస్‌వర్డు తప్పయితే డేటాబేస్ నోరు తెరిచి చెప్తుంది.

ఓరుగల్లు:
ఓ ముచ్చట. గడియ అంటే 24 నిమిషాలు, గడియ అంటే తలుపుకు పెట్టేది గూడ. మీ కథల రెండూ ఉన్నయి.

భాషాభిమాని:
కాలం గడియ ఘటిక నుంచి వచ్చింది. దానికీ గడువుకీ చుట్టరికం లేదు.

డల్లాస్ నుంచి:
నాదో సందేహం. మా దగ్గర రాత్రి పని ఆపేవరకు బాగుంటుంది, పొద్దున డేటాబేస్‌ని అడిగే మొదటి క్వెరీకి మాత్రం ‘సర్వర్ హ్యాజ్ గాన్ అవే’ అంటుంది. అదీ టైమౌటే అంటున్నారు. దానికీ ‘పలకడం లేదు’ అనేనా?

పాతసర్వరు:
అక్కడ మాత్రం గడువు అనే మాటే ఒప్పు! మై ఎస్‌క్యూఎల్‌లో ‘వెయిట్ టైమౌట్’ మామూలుగా 28800 సెకన్లు, అంటే 8 గంటలు. అంతసేపు ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని సర్వరే తెంపేస్తుంది. అది ముందే పెట్టిన హద్దు, అచ్చమైన గడువు. మీ పూల్‌లో (తెరిచి దాచుకునే కనెక్షన్ల గుంపులో) కనెక్షన్ల ఆయుష్షు 8 గంటలకు తక్కువ పెట్టుకోండి. మధ్యలో పనిని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ ఏదైనా ఉంటే అది ఇంకా ముందే, కొన్ని నిమిషాలకే తెంపచ్చు, అదీ చూసుకోండి.

అన్నట్టు దాన్ని ‘సర్వరు పోయింది’ అని తెలుగు చేసిన మహానుభావులున్నారు. అది చూసి ఎవరైనా పరామర్శకు బయల్దేరతారు.

గోదారిగట్టు:
అంటే ఇంగ్లీషులో టైమౌట్ ఒకటే అయినా మనం రెండుగా విడదీయాలన్నమాట. మొదటిదానికి ఇలా అనుకుంటున్నా: ‘సర్వరు పలకడం లేదు. 10 సెకన్లు చూశాం. మీ ఆఫీసు అడ్రసు మారిందేమో, మాకు ఫోన్ చేయండి.’ రెండోదానికి: ‘చాలాసేపు వాడనందున కనెక్షన్ గడువు ముగిసింది. మళ్ళీ తెరవండి.’

ఓరుగల్లు:
అన్నా, ‘ఆఫీసు అడ్రసు మారిందేమో’ అంటే, మేం యాడికీ పోలే, గీ బిల్డింగుల్నే ఉన్నం అంటడు ఆయన.

గోదారిగట్టు:
నిజమే. ‘ఇంటర్నెట్ అడ్రసు’ అంటే తెరమీది పెట్టెలో పట్టదు. ‘రూటరు ఆగి మళ్ళీ లేచిందా? మాకు ఫోన్ చేయండి’ అని పెట్టేస్తా.