దర్వీష్‌కు ఏ దేశమైనా సొంతమయిందా?

ప్రశ్న (నల్లగొండ)
మా కళాశాల సాహిత్య సభలో పాలస్తీనా కవి మహమూద్ దర్వీష్ గురించి మాట్లాడవలసి ఉంది. 1941లో అల్-బిర్వాలో పుట్టిన ఆయన, 1948 అరబ్-ఇజ్రాయెల్ యుద్ధంలో కుటుంబంతో లెబనాన్‌కు పారిపోయి, దాదాపు ఏడాది తర్వాత దొంగచాటుగా తిరిగివచ్చేసరికి ఊరు నేలమట్టమై ఉంది. జనాభా లెక్కలనాడు అక్కడ లేనందున సొంత గడ్డ మీదే ఇజ్రాయెల్ చట్టం దృష్టిలో ‘హాజరులో ఉన్న గైర్హాజరీ’ అయ్యారు. 1970లో మాస్కో, ఆ తర్వాత కైరో, బేరూత్, పారిస్. ఆయనకు భాషే దేశమయిందని చాలామంది అంటారు. ఆ మాటతో నాకు తృప్తి కలగడం లేదు.

జవాబు (మహబూబ్‌నగర్)
మీ అసంతృప్తి సబబే. భాష ఒక్కటే చాలితే, చుట్టూ అరబ్బీ వినిపించే కైరోలో, బేరూత్‌లో ఆయన పరాయివాడు కాకూడదు. రష్యన్ కవి జోసెఫ్ బ్రాడ్‌స్కీని కూడా చూడండి. 1972లో సోవియట్ ప్రభుత్వం వెళ్ళగొట్టాక అమెరికాలో స్థిరపడి, 1987లో నోబెల్ అందుకున్నారు. కవితలు ఎక్కువగా రష్యన్‌లోనే రాశారు. కానీ కొడుకును మళ్ళీ చూడకుండానే కాలం చేసిన తల్లిదండ్రుల గురించి రాసిన వ్యాసానికి మాత్రం, వారిని బయటికి పోనివ్వని రాజ్యపు భాష వద్దనుకొని, ఇంగ్లీషును ఎంచుకున్నారు. అమ్మ మాట్లాడిన భాషలో అమ్మ గురించి రాయలేకపోవడం నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది.

జవాబు (కొల్లాపూర్)
మాది శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరు. 1981లో మా తాత దూలాలూ దర్వాజా ఎడ్లబండి మీద వేసుకొని ఇక్కడికి చేరాడు. మా నాయనమ్మకు భాష మారలేదు, జిల్లా కూడా మారలేదు. అయినా ఇక్కడివారికి మేము చాలాకాలం ‘ముంపోళ్ళమే’. ఆమె ‘ఊరికి పోవాలె’ అన్నదంటే నేటికీ ఆ నీళ్ళ కింది ఊరే. ఒక ఎండాకాలం కృష్ణ బాగా వెనక్కి తగ్గినప్పుడు తీసుకుపోతే, బురదలో పాతుకుపోయిన మా ఇంటి రోలును ఆమె గుర్తుపట్టింది. గుంటలోని ఒండ్రును చేత్తో తోడి, కొంగుతో తుడిచి, దాని పక్కనే కూర్చొని పొయ్యి ఎటు ఉండేదో, బర్రెను కట్టిన గుంజ ఎటు ఉండేదో వేలుపెట్టి చూపింది. దర్వీష్ వెతికింది దేశం కన్నా ముందు అటువంటి గుర్తు కోసమేనని నా నమ్మకం.

ప్రశ్న వేసినవారు
1996లో దర్వీష్ పాలస్తీనా వెస్ట్ బ్యాంక్‌లోని రామల్లాకు రాగలిగారు గాని, ఇజ్రాయెల్‌లో ఉండిపోయిన అల్-బిర్వాలో ఉండే వీలు లేకపోయింది. 2008లో హ్యూస్టన్‌లో గుండె శస్త్రచికిత్స తర్వాత మరణిస్తే, రామల్లాలోనే ఖననం చేశారు. మీరు అనుమతిస్తే నా ప్రసంగాన్ని ఆ రోలుతోనే మొదలుపెడతాను. నాయనమ్మ గారు దాన్ని ఇంటికి తెచ్చుకున్నారా, అక్కడే ఉంచి వచ్చారా?